రిఫరెన్స్ లెటర్ చేతికొచ్చేదాకా నోరు మూసుకోవాలా?

ఫారిన్‌లో ఎన్జీవోలో ఇంటర్న్‌షిప్ అంటే మన ఇళ్లలో ఇప్పటికీ ఒక గౌరవం ఉంది. అందరిలా సాఫ్ట్‌వేర్‌కి కాదండీ, మా అమ్మాయి సేవకి వెళ్లింది అని చుట్టాల దగ్గర కాస్త గొంతు పెంచి మరీ చెప్పుకుంటాం. అదే అమ్మాయి నాలుగు నెలలు తిరక్కుండా ఫోన్ చేసి అమ్మా, ఇక్కడ బయటికి చెప్పేదొకటి లోపల జరిగేదొకటి అంటే మాత్రం మన నోట్లోంచి వచ్చే మొదటి మాట "నీకెందుకే, సర్టిఫికెట్ తీసుకుని వచ్చెయ్" అని. అక్కడి మేనేజర్ కూడా దాదాపు ఇదే మాట అంటాడు, కాకపోతే కాఫీకి తీసుకెళ్లి మర్యాదగా అంటాడు.

ఈమధ్య మా పత్రిక ఆఫీసుకి ఇలాంటి మెయిల్స్ వస్తున్నాయి. అందులో ఒకటి గుంటూరు వైపు అమ్మాయిది. అమెరికాలో పబ్లిక్ హెల్త్ మాస్టర్స్ చేసి ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో జీతం లేని ఇంటర్న్‌గా చేరింది. పని ఏంటంటే డోనర్లకి పంపే ఉత్తరాల్లోకి కథలు రాయడం. తూర్పు ఆఫ్రికాలో ఒక ఊరు, నీళ్ల కోసం మైళ్లు నడిచే ఒక తల్లి, ఆవిడ ఫొటో, కింద ఆవిడ అన్న ఒక మాట. ఫొటో ఉంది గానీ ఆ మాట ఎవరూ రికార్డు చేయలేదు, ఏమనుంటుందో నువ్వే ఊహించి రాసెయ్ అన్నారు. ఫైల్ తెరిచి చూస్తే ఫొటో తీసి ఏళ్లు అయిపోయింది, పైగా వేసవిలో వెళ్లిన ఉత్తరంలో ఆవిడకి ఒక పేరు, డిసెంబర్ ఉత్తరంలో ఇంకో పేరు. ఇదేంటని అడిగితే నలుగురి జీవితాలు కలిపి రాసిన కథ అది, ఈ ఫీల్డ్‌లో అందరూ చేసేదే అన్నారట. తర్వాత ఎక్సెల్ షీట్ చేతికిచ్చారు. ఒకావిడ మూడు ట్రైనింగులకి వస్తే మూడు సంతకాలు, మూడు సంతకాలంటే రిపోర్టులో సాయం అందినవాళ్లు ముగ్గురు. ఈ పిల్ల కూర్చుని పేర్లు కలిసినవన్నీ ఒకటి చేసింది, సంఖ్య బాగా పడిపోయింది, థాంక్స్ చెప్పి పాత షీటే పంపించారు. ఆ ఆఫీసులో ఎవరూ దొంగలు కాదు సార్, రూపాయి ఎవరూ జేబులో వేసుకోలేదు, అదే నాకు ఎక్కువ భయం వేసింది అని కూడా తనే రాసింది.

ఇది చదివి పిల్ల చాదస్తం అనేవాళ్లు ఉంటారు. కుర్రతనం, ఆదర్శాలు, నాలుగు రోజులు పోతే అదే అలవాటవుతుంది అంటారు. మేం అలా అనుకోవట్లేదు. 2010 జనవరిలో హైతీ భూకంపం వచ్చినప్పుడు అమెరికన్ రెడ్‌క్రాస్‌కి దాదాపు 50 కోట్ల డాలర్ల విరాళాలు వచ్చాయి. 2015 జూన్‌లో ప్రోపబ్లికా, ఎన్పీఆర్ అనే అమెరికా వార్తా సంస్థలు కలిసి లెక్క తీస్తే వాళ్లు కట్టిన శాశ్వత ఇళ్లు ఆరు. మరి 1,30,000 మందికి ఇళ్లు ఇచ్చామని చెప్పారు కదా అని తవ్వితే, తాత్కాలిక షెల్టర్లలో ఉన్నవాళ్లు, కొన్నాళ్లు అద్దె సాయం తీసుకున్నవాళ్లు, ఆఖరికి మీ ఇల్లు మీరే ఎలా బాగుచేసుకోవాలో చెప్పే సెమినార్‌కి వచ్చి కూర్చున్నవాళ్లు కూడా ఆ లెక్కలోనే ఉన్నారు. మా లెక్కల్లో మోసం లేదు, లక్షల మందికి సాయం చేశాం అని రెడ్‌క్రాస్ వాదించింది, వాదించనివ్వండి. గుంటూరు అమ్మాయి షీట్‌లో జరిగిందీ సెమినార్ లెక్కలో జరిగిందీ ఒకటే పని, సైజు తేడా అంతే.

మా అసలు గొడవ లెక్కలతో కూడా కాదు. ఇంటర్న్‌కి కనిపిస్తుంది, ఎందుకంటే షీట్లు నింపేది, ఫొటోలు సర్దేది, ఫైళ్లు స్కాన్ చేసేది తనే, డైరెక్టర్‌కి ఆ తీరిక ఎక్కడిది. కానీ చెప్పే వీలు లేదు, ఎందుకంటే చెప్పాల్సింది ఎవరికో వాళ్లే చివర్లో రిఫరెన్స్ లెటర్, అంటే తర్వాతి ఉద్యోగానికి చూపించే సిఫార్సు ఉత్తరం, రాయాలి. జీతం లేని చోట ఆ లెటరే జీతం. నోరు విప్పితే పోయేది అదే.

ఆ లెటర్లు ఎవరికి ఎంత తేలిగ్గా దొరుకుతాయో చూడాలంటే మళ్లీ హైతీకే వెళ్లాలి. అక్కడ ఆక్స్‌ఫామ్ అనే బ్రిటన్ సహాయ సంస్థ సీనియర్లు కొందరు సంస్థ అద్దెకి తీసుకున్న ఇంట్లోనే డబ్బిచ్చి ఆడవాళ్లని పిలిపించుకున్నారని ఆరోపణలు వచ్చి 2011లో లోపల విచారణ జరిగింది. నలుగురిని తీసేశారు, కంట్రీ డైరెక్టర్‌తో కలిపి ముగ్గురు రాజీనామా చేసి పోయారు. బయటికి మాత్రం పూర్తి సంగతి చెప్పలేదు. లండన్ టైమ్స్ పేపర్ 2018 ఫిబ్రవరిలో బయటపెట్టేదాకా లోకానికి తెలీదు. ఈ మధ్యలో ఆ కంట్రీ డైరెక్టర్ ఏం చేశాడనుకున్నారు, ఇంకో పెద్ద సంస్థలో చేరి బంగ్లాదేశ్‌లో అదే హోదాలో పని చేశాడు. తీసుకునే ముందు మేం ఆక్స్‌ఫామ్‌ని అడిగాం, ఎవరూ మమ్మల్ని హెచ్చరించలేదు అని ఆ సంస్థ తర్వాత చెప్పుకుంది. పైగా పాత కొలీగ్స్ మంచిగా రిఫరెన్స్ ఇచ్చారట. అంటే తప్పు చేసినవాడికి లెటర్ దొరికింది, ఎవరూ ఆపలేదు. తప్పు చూసిన ఇంటర్న్ మాత్రం ఆ లెటర్ పోతుందేమోనని నోరు కుట్టేసుకుని కూర్చోవాలి.

ఇంటర్న్ సంగతి సరే, హెలెన్ ఎవాన్స్ ఆక్స్‌ఫామ్‌లో ఇలాంటి ఫిర్యాదులు చూసే విభాగానికి ప్రపంచం మొత్తానికీ హెడ్. ఫిర్యాదులు పెరిగిపోతున్నాయి, మనుషుల్ని ఇవ్వండి, డబ్బివ్వండి అని మొత్తుకున్నా సరిగ్గా పట్టించుకోలేదని ఆవిడ 2018లో టీవీలో చెప్పారు, అప్పటికే ఉద్యోగం వదిలేశారు. స్వచ్ఛంద సంస్థల మీద అజమాయిషీ చేసే బ్రిటన్ చారిటీ కమిషన్ 2019 జూన్‌లో రిపోర్టిచ్చి ఆక్స్‌ఫామ్‌కి అధికారికంగా వార్నింగ్ ఇచ్చింది. హెడ్ మాటే వినని చోట ఆరు నెలల ఇంటర్న్ మాట వింటారా.

ఇదంతా ఎక్కడో సముద్రాల అవతల గొడవ, మనకేంటి అనుకుంటే ఒకసారి భద్రాచలం రండి. 2009 జూలైలో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పదేళ్ల నుంచి పధ్నాలుగేళ్ల ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకా వేశారు, సుమారు 14,000 మందికి. నడిపించింది అమెరికాలోని సియాటిల్‌కి చెందిన పాత్ అనే లాభాపేక్ష లేని సంస్థ, పక్కన కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం ఉన్నాయి. వాళ్లలో చాలామంది హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన పిల్లలు. 2010 మార్చిలో సామా అనే మహిళా ఆరోగ్య బృందం వచ్చి పిల్లలతోనూ తల్లిదండ్రులతోనూ మాట్లాడితే గుట్టు బయటపడింది, ఏప్రిల్‌లో కేంద్రం ఆపేయించింది. పిల్లలు కొందరు చనిపోయారు గానీ ఆ చావులకి టీకా కారణం కాదనే విచారణ కమిటీ చెప్పింది, టీకా మీద అనవసరంగా భయం పెంచడం మా ఉద్దేశం కాదు, ఆ టీకా మంచిదే. సంగతి సంతకాలది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం పెట్టిన లెక్క ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు, 1,948 మీద ఉన్నది వేలిముద్రలు. కన్నతల్లికి తెలీకుండా బిడ్డ తరఫున వార్డెన్ ఒప్పేసుకున్నాడు. ఆ కట్టల్ని సర్ది, నంబర్లు వేసి, పెట్టెల్లో పెట్టిన జూనియర్లు ఎవరో ఉండే ఉంటారు కదా. తల్లి సంతకం ఉండాల్సిన చోట వార్డెన్ సంతకం కనపడనే లేదంటారా? అప్పుడు వాళ్లు ఎవరికి చెప్పాలి, చెబితే ఏమయ్యేది?

నేపాల్‌ది ఇంకో రకం, ఇక్కడ ఇంటర్న్ డబ్బు కట్టి మరీ వెళ్తుంది. యూనిసెఫ్ చెప్పేదాని ప్రకారం అక్కడి అనాథాశ్రమాల్లో ఉన్న పిల్లల్లో నూటికి 80 మందికి పైగా తల్లో తండ్రో బతికే ఉన్నారు. ఆ ఆశ్రమాలు కూడా ఎక్కువ భాగం ఖాట్మండు, లలిత్‌పూర్, భక్తపూర్, పోఖరా ఉన్న కాస్కీ, చిత్వన్ జిల్లాల్లోనే, అంటే టూరిస్టులు ఎక్కడ దిగితే అక్కడ. వాలంటీర్లు వస్తున్నారు కాబట్టి అనాథలు కావాలి. 2015 భూకంపం తర్వాత అక్కడి ప్రభుత్వం పిల్లల్ని జిల్లా దాటించొద్దని ఆపింది, ఆస్ట్రేలియా 2018లో ఆధునిక బానిసత్వం మీద చట్టం తెచ్చినప్పుడు ఈ అనాథాశ్రమ వ్యాపారాన్ని కూడా అందులోకి లాగింది. పోఖరాలో రెండు వారాలు పిల్లలకి ఇంగ్లిష్ నేర్పించి ఇన్‌స్టాలో ఫొటోలు పెట్టే మన కాలేజీ పిల్లలకి ఈ సంగతి ఎవరైనా ముందే చెప్తే బాగుండు.

ఇక మన వాళ్ల మెడ మీద ఇంకో కత్తి ఉంది, అది వీసా. 2023-24 లెక్కల ప్రకారం అమెరికాలో మన దేశం స్టూడెంట్లు 3,31,602 మంది, అందులో చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే కొన్నాళ్లు పని చేసుకునే ఓపీటీ మీద ఉన్నవాళ్లే 97,556. మన రెండు రాష్ట్రాల వాటా ఎంతో ఏ క్యాంపస్ పక్కనున్న ఇండియన్ స్టోర్‌కి వెళ్లినా తెలుస్తుంది. ఓపీటీ మొదటి ఏడాదిలో మొత్తం 90 రోజులు దాటి ఖాళీగా ఉండకూడదు. జీతం లేకపోయినా చదివిన ఫీల్డ్‌లోనే వారానికి కనీసం 20 గంటలు వాలంటీర్‌గా చేస్తే అది పని కిందే లెక్క, సైన్సు, ఇంజనీరింగ్ లాంటి చదువులవాళ్లకి ఓపీటీ పొడిగించే స్టెమ్ ఎక్స్‌టెన్షన్‌కి మాత్రం జీతం ఉండాల్సిందే. అందుకే మార్కెట్ పడిపోయినప్పుడల్లా మన పిల్లలు ఎన్జీవోల వెబ్‌సైట్లు వెతుకుతారు, అందులో తప్పేం లేదు, చట్టమే ఇచ్చిన దారి అది. కానీ ఆ సంస్థ రేపు ఒక్క మెయిల్‌తో నువ్వు మా దగ్గర లేవు అంటే ఆ ఖాళీ రోజుల లెక్క ఆగిన చోటి నుంచి మళ్లీ నడుస్తుంది. ఆఫీసువాళ్లు పాత షీట్ పంపించేస్తుంటే గుంటూరు అమ్మాయి చూస్తూ కూర్చుంది అంటే పిరికితనం కాదు, తన లెక్క తనకుంది, 30 లక్షలో 40 లక్షలో లోన్ ఉంది, నాన్న ఇల్లు తాకట్టు పెట్టాడు.

అలాగని మన బాబాయిల్లాగా ఎన్జీవోలన్నీ ఇంతే అని తేల్చేయడానికి మేం సిద్ధంగా లేం. అనంతపురం వాళ్లని అడిగి చూడండి ఆర్డీటీ గురించి. 1969లో విసెంటె ఫెర్రర్ మొదలుపెట్టిన సంస్థ, డబ్బులు ఎక్కువగా స్పెయిన్ వాళ్ల నుంచే వచ్చాయి, ఇళ్లు ఎక్కడున్నాయి బత్తలపల్లి ఆసుపత్రి ఎక్కడుంది అంటే బస్సెక్కి వెళ్లి చూసి రావచ్చు. ఎక్కడో దూరంగా ఉన్న డోనర్‌కి ఆ వీలు లేదు కాబట్టే లోపల ఉన్న జూనియర్ కళ్లు వాడుకోవాలి, ఆ కళ్లు మూయించే ఏర్పాటు వల్ల ముందు నష్టపోయేది మంచి సంస్థలే.

కొంత దారి పడింది కూడా. 2019 నుంచి సహాయ సంస్థలు కొన్ని కలిసి, మా దగ్గర తప్పు చేసి పోయినవాడి సంగతి మీరడిగితే దాచం అని ఒక ఒప్పందం పెట్టుకున్నాయి, అంటే తప్పుడు లెటర్‌కి చెక్ పెట్టే పని మొదలైంది. యూరోపియన్ యూనియన్ అదే ఏడాది తెచ్చిన విజిల్‌బ్లోయర్ల, అంటే లోపలి తప్పులు బయటపెట్టేవాళ్ల, రక్షణ నిబంధనల్లో వాలంటీర్లనీ జీతం లేని ట్రైనీలనీ కూడా చేర్చారు. ఇదే విషయం మీద బ్రిటన్ 1998లో తెచ్చిన చట్టం మాత్రం ఉద్యోగులకి ఇచ్చిన రక్షణ మామూలు వాలంటీర్లకి ఇవ్వదు. ఐక్యరాజ్యసమితి సెక్రటేరియట్ అయితే ఇంటర్న్‌లకి జీతమే ఇవ్వదు, 2015లో న్యూజిలాండ్ కుర్రాడొకడు జెనీవాలో రూమ్ అద్దె కట్టలేక టెంట్ వేసుకున్నాడని ప్రపంచమంతా రాసింది. కడుపు నిండినవాళ్ల పిల్లలే అక్కడికి వెళ్లగలిగితే, అడిగే వాళ్లు అసలు లోపలికే రారు.

మేం అడిగేది పెద్ద కోరికేం కాదు. ఇంటర్న్ ఎన్ని నెలలు, వారానికి ఎన్ని గంటలు, ఏం పని చేసిందో చెప్పే కాగితం ఎవరి దయా అక్కర్లేకుండా ఆఖరి రోజున దానంతట అదే చేతికి రావాలి, సూపర్‌వైజర్ మెచ్చుకోలు వేరే సంగతి, ఇస్తే ఇస్తాడు లేకపోతే లేదు. ఫిర్యాదు చేయాలంటే ఆ సూపర్‌వైజర్‌ని దాటి బోర్డులో ఒక మనిషికి నేరుగా వెళ్లే మెయిల్ ఐడీని ఇంటర్న్ పనిలో చేరిన రోజే ఇవ్వాలి. చేరే ముందు పిల్లలు కూడా చూసుకోవాలి, అమెరికాలో అయితే సంస్థలు ఏటా ట్యాక్స్ శాఖకి ఇచ్చే ఫారం 990 ఎవరైనా అడిగి చూడొచ్చు, ఆన్‌లైన్‌లో కూడా దొరుకుతుంది, బాస్ జీతం ఎంతో అందులోనే ఉంటుంది, బోర్డులో మొగుడూ పెళ్లాం బావమరిదే ఉన్నారేమో కూడా తెలిసిపోతుంది.

అమెరికాలో మన సంఘాలున్నాయి, తానా ఉంది ఆటా ఉంది, మహాసభల్లో సినిమావాళ్లని సన్మానించడానికి ఉన్న టైమ్‌లో ఒక గంట తీసి ఇలా ఇరుక్కుపోయిన పిల్లలకి లాయర్‌తో ఉచితంగా మాట్లాడే వీలు కల్పించొచ్చు. నోరు విప్పినందుకు పని పోతే ఆ 90 రోజులు దాటకుండా ఇంకో సంస్థలో పెట్టించే నలుగురు పెద్దమనుషులు ఆ సంఘాల్లో ఖచ్చితంగా ఉన్నారు, వాళ్ల పేర్లూ నంబర్లూ ఇస్తే మేం ఫ్రీగా వేస్తాం.