ఎర్ర సిరా లేని బ్రౌజరు

ఏ బ్రౌజరు సురక్షితం అన్న ప్రశ్నను ఇన్నేళ్ళూ ఇంజనీర్లకు వదిలేశారు. అందుకే అది తేలలేదు. మొన్న సంక్రాంతికి తెనాలిలో మా బాబాయి ఇంట్లో, భోజనాలకూ సాయంత్రం టీకీ మధ్య, మేం దాన్ని తేల్చేశాం. ప్రజాహితం కోరి ఆ వివరాలు ఇక్కడ రాస్తున్నాను.

అధ్యక్షులు మా బాబాయి, రిటైర్డ్ హెడ్మాస్టరు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా బావ ఫైర్‌ఫాక్స్ తరఫున, డాలస్ నుంచి వచ్చిన తమ్ముడు ఆపిల్ వాళ్ళ సఫారీ తరఫున వాదించారు. ఎవరూ అడగకపోయినా నేను క్రోమ్ తరఫున నిలబడ్డాను. బావ కూతురు ఇంజనీరింగులో సైబర్ సెక్యూరిటీ చదువుతోంది. విషయం తెలిసిన మనిషి కాబట్టి పక్షపాతం చూపే ప్రమాదం ఉందని ఆమెకు సభ్యత్వం ఇవ్వలేదు. జంతికల పళ్ళెం పట్టుకుని హాజరైంది.

మార్కులు ఎలా వెయ్యాలన్నది మొదటి చిక్కు. బాబాయి ముప్ఫై ఏళ్ళు పేపర్లు దిద్దిన మనిషి. "ఎవరి పేపర్లో ఎర్ర సిరా ఎక్కువుంటే వాడే మొద్దు. అన్నీ వదిలేసి ఎవరికెన్ని దిద్దుబాట్లు పడ్డాయో చెప్పండి" అన్నారు.

ఆ కొలతతో నా పక్షం వెంటనే కుంగిపోయింది. క్రోమ్‌కి కొన్ని వారాలకో కొత్త వెర్షన్ వస్తుంది. అది చాలదన్నట్టు 2023 ఆగస్టు నుంచి మధ్యలో వారం వారం భద్రతా దిద్దుబాట్లు కూడా. "వారం వారం మందేసుకునేవాణ్ణి ఆరోగ్యవంతుడంటామా?" అన్నారు బాబాయి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ వాళ్ళు కూడా క్రోమ్‌లో లోపాలున్నాయి, అప్‌డేట్ చేసుకోండని మాటిమాటికీ హెచ్చరిస్తుంటారు. అధ్యక్షుల వారు దాన్ని "పేరెంట్స్‌ని పిలిపించడం" కింద రాసుకున్నారు.

నేను వదల్లేదు. కెనడాలోని వాంకోవర్‌లో 2007లో పోన్‌టుఓన్ అని ఒక పోటీ మొదలైంది. ఎదురుగా పెట్టిన కంప్యూటర్‌లోకి చొరబడితే అది మీదే, పైగా నగదు. 2009లో సఫారీ, ఫైర్‌ఫాక్స్, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ మూడూ అక్కడ పడ్డాయి. సఫారీ అయితే క్షణాల్లో పడింది. క్రోమ్ ఆ ఏడాదీ పడలేదు, తర్వాతి రెండేళ్ళూ పడలేదు. 2012లో మాత్రం పడిందని చిన్న గొంతుతో ఒప్పుకున్నాను.

"దొంగలైనా మంచి ఇల్లే చూసుకుంటారు" అన్నాడు తమ్ముడు. ఇంతకు మించిన సఫారీ సమర్థన నేనింతవరకు వినలేదు.

క్రోమ్ అన్నేళ్ళు ఎలా నిలబడిందో బాబాయికి పరీక్ష హాలు భాషలో చెప్పాల్సి వచ్చింది. పాత బ్రౌజర్లలో పేజీలన్నీ ఒకే బల్ల మీద కూర్చునేవి. ఒకడు చిట్టీ తెస్తే హాలంతా పాకేది. 2008లో వచ్చిన క్రోమ్ వాళ్ళను వేరువేరు బల్లల మీద కూర్చోబెట్టి, మూలన ఉన్న బీరువా, అంటే మీ కంప్యూటర్‌లోని ఫైళ్ళ తాళాలు ఎవరికీ ఇవ్వలేదు. 2018లో స్పెక్టర్ అనే లోపం బయటపడింది. ప్రాసెసర్‌లోనే సందుంది, పక్క బల్లవాడి పేపర్లోకి తొంగి చూడొచ్చు అని తేలింది. దాంతో ఒక్కో వెబ్‌సైట్‌కి ఒక్కో గదే కేటాయించారు.

"మరి మీకెప్పుడొచ్చాయి గదులు?" అని బాబాయి బావ వైపు తిరిగారు.

"2021లో, మావయ్యా" అన్నాడు బావ, జంతిక కోసం వెతుకుతూ.

కాసేపటికి తేరుకుని రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష సంగతి ఎత్తాడు. 2020లో, క్రోమ్‌కి పునాది అయిన క్రోమియం ఇంజనీర్లే లెక్క తీస్తే, తీవ్రమైన భద్రతా లోపాల్లో దాదాపు 70 శాతం మెమరీని తప్పుగా వాడటం వల్ల వచ్చినవేనట. సీ ప్లస్ ప్లస్ అనే భాషలో రాస్తే ఆ తప్పులు దొర్లుతూనే ఉంటాయట. వాటిని మొదట్లోనే పట్టేసే రస్ట్ భాషను పెంచి పోషించింది ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లానేనట. వాదనలో బలం ఉంది. కానీ బాబాయికి ఇంగ్లిష్ వచ్చు. "తుప్పు అని పేరు పెట్టుకున్నదాంతో ఇల్లు కడతారుటయ్యా?" అన్నారు. ఆ వాదన అక్కడితో సరి.

మిగిలిన అభ్యర్థుల్ని పిలిస్తే ఇంకో తలనొప్పి. ఓపెరా 2013లోనూ, మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ 2020లోనూ క్రోమియంలో కలిసిపోయాయి. బ్రేవ్, వివాల్డీ మొదట్నుంచీ అందులోవే. ఎడ్జ్‌లోంచి క్రోమ్ డౌన్‌లోడ్ చేసుకోబోతే, మాదీ అదే టెక్నాలజీ కదా, మళ్ళీ అదెందుకని అదే బతిమాలుతుంది. స్వదేశీ బ్రౌజరు కోసం కేంద్రం 2023లో పెట్టిన పోటీలో మొదటి బహుమతి పొందిన జోహో వారి ఉలా బ్రౌజరు కూడా క్రోమియమే. ఐఫోన్‌లో దీనికి తిరగేసిన కథ. యూరప్, జపాన్ సంగతి వదిలేస్తే, అక్కడ క్రోమ్ అని పెట్టుకున్నా లోపల నడిచేది సఫారీ ఇంజనే. బాబాయి కళ్ళజోడు పైకెత్తి, "అంటే అందరూ ఒకే గైడు చూసి రాశారన్నమాట. గైడులో తప్పుంటే అన్ని పేపర్లలోనూ అదే తప్పు" అన్నారు. ఆ మూడు గంటల్లో అధ్యక్షుల వారు పలికిన వాటిలో నిపుణులెవరూ కాదనలేని మాట ఇదొక్కటే. దాన్ని మినిట్స్‌లో రాయడం మర్చిపోయాం.

అప్పుడు బాబాయి తన ఆధారం ప్రవేశపెట్టారు. హాల్లో మూలన, కుట్టుపని చేసిన గుడ్డ కప్పుకుని, విండోస్ 7 కంప్యూటర్. మూడు నిమిషాలకి తెరుచుకుంది. అందులో క్రోమ్ 109. విండోస్ 7కి అదే ఆఖరి వెర్షన్. 2023 తర్వాత దానికి ఒక్క దిద్దుబాటు లేదు. పక్కనే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్, 2022 జూన్‌లో మైక్రోసాఫ్టే రిటైర్ చేసింది. దక్షిణ కొరియాలో ఎవరో దానికి సమాధి రాయి కూడా చెక్కించారు, వేరే బ్రౌజర్లు దింపుకోవడానికి మంచి పనిముట్టని దాని మీద రాయించి. 2010లో జర్మనీ, ఫ్రాన్స్ ప్రభుత్వ సంస్థలు దాన్ని వాడొద్దని జనానికి చెప్పాయంటే, అది విదేశీయుల ఈర్ష్య.

"చూశారా? ఒక్క ఎర్ర గీత లేదు" అన్నారు బాబాయి.

ఇంకా విశేషాలున్నాయి. అడ్రసు పక్కన తాళం బొమ్మ భద్రంగా ఉంది. తాళం ఉంటే సైటు నమ్మదగిందేనని జనం పొరబడుతున్నారని, దొంగ సైట్లకీ తాళం ఉంటోందని, 2023లో గూగుల్ ఆ బొమ్మ తీసేసింది. బాబాయి దాకా ఆ దోపిడీ రాలేదు. పైన ఒక పట్టీలో, ముందు ముందు అప్‌డేట్లు కావాలంటే విండోస్ 10 ఉండాలని రాసి ఉంది. బాబాయి దాన్ని రోజూ పొద్దున్నే కాఫీ తాగుతూ ఇంటూ నొక్కి మూసేస్తారు. కింద కుడి మూలన ఇరవై నిమిషాలకోసారి ఎర్రటి పెట్టె లేచి, మీ కంప్యూటర్‌కి వైరస్ సోకింది, ఇక్కడ నొక్కండి అంటోంది. మేం నోరు తెరిచాం. తనకొచ్చిన జబ్బు తనే చెప్పుకునే బ్రౌజరు ఇంకోటి ఉందా?

మేనకోడలు పళ్ళెం కింద పెట్టి వచ్చి, సెట్టింగ్స్‌లో ఏదో వెతికింది. ఎప్పుడో తిథి చూసుకోవడానికి తెరిచిన పంచాంగం సైటు నోటిఫికేషన్లు పంపనా అంటే బాబాయి "అలో" నొక్కారట. ఆ అనుమతి తీసేసింది. వైరస్ కబుర్లు ఆగిపోయాయి. సభ్యత్వం లేకుండా సభా కార్యక్రమాల్లో జోక్యం చేసుకోవడమే ఇది.

"తాతయ్యా, ఎర్ర సిరా లేని నోటు పుస్తకాలు మీ స్కూల్లో ఎవరివి?" అని అడిగింది.

బాబాయి కాసేపు మానిటర్ వంక చూశారు. "బడి మానేసిన వాళ్ళవి" అన్నారు.

అయితే ఇది అజెండాలో లేని అంశం కాబట్టి రికార్డుల నుంచి తొలగించాం. అత్యంత సురక్షితమైన బ్రౌజరు తెనాలిలోని ఆ విండోస్ 7 మీదున్న క్రోమ్ 109 అని సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. టీ వచ్చింది.

కప్పులు ఖాళీ అయ్యాక పిన్ని వంటింట్లోంచి, కరెంటు బిల్లుకి ఈరోజే ఆఖరని గుర్తు చేసింది. బాబాయి లేచి, కంప్యూటర్ మీద గుడ్డ కప్పి, మనవరాలి దగ్గరికెళ్ళి చెయ్యి చాపారు.

"ఏదీ, నీ ఫోనివ్వమ్మా."