పాత కారును కాల్చేది ఎండ కాదు, రబ్బరు పైపు

వేసవిలో పాత కారు తగలబడితే ‘ఎండ వేడికి’ అని తేల్చేయడం మనకు అలవాటైపోయింది. నిప్పు ఎక్కడ పుట్టిందో చూడాలంటే బానెట్ ఎత్తాలి. కార్బురేటర్‌కు (పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు అందించే భాగం) పెట్రోలు తెచ్చే పైపు, ఫ్యూజు లేకుండా లాగిన పాత వైరింగ్: ముందు అనుమానించాల్సినవి ఇవే.

వైరింగ్‌కు ఒక బ్యాటరీ కటాఫ్ స్విచ్, నాలుగు ఫ్యూజులు పెడితే సగం టెన్షన్ తీరుతుంది. పైపు సంగతి అలా కాదు. పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ (చెరకు, ధాన్యాల నుంచి తీసే ఆల్కహాల్) కలపాలని 2030 నాటికి అనుకున్న లక్ష్యాన్ని కేంద్రం 2025కే తెచ్చేసింది. పాతకాలపు రబ్బరుకు ఇథనాల్ పడదు. ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, చివరికి పగులుతుంది. పాత అంబాసిడర్‌లో కార్బురేటర్, ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ (ఇంజన్ పొగను బయటికి పంపే, బాగా వేడెక్కే గొట్టం) ఇంజన్‌కు ఒకే పక్కన ఉంటాయి. కారిన పెట్రోలు ఎక్కడ పడుతుందో వేరే చెప్పాలా?

20-30 వేల కిలోమీటర్లు తిరిగాక కొన్ని పాత బండ్లలో రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చుకుంటే సరిపోతుందని, ఖర్చు కూడా తక్కువేనని పెట్రోలియం శాఖ అంటోంది. రోజూ తిరిగే బండికి అది సరే. ఆదివారాలు మాత్రమే బయటికొచ్చే పాత పద్మిని కారు ఆ దూరం ఎప్పటికి తిరగాలి? మీటరు కదలకపోయినా పైపు పెట్రోల్లో నానుతూనే ఉంటుంది. అందుకే కిలోమీటర్లు కాదు, సంవత్సరాలు లెక్కపెట్టి, ఇథనాల్‌కు తట్టుకునే పైపు వేయించాలి. ‘ఒరిజినల్ పార్టే ఉండాలి’ అనే పట్టుదల హారన్ దగ్గర చూపించుకోవచ్చు.

ఇంటి షెడ్డులో ప్రమాదం ఇంకా ఎక్కువ. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది. నేలబారున పాకి సర్వీసు గుంతలో నిలుస్తుంది. కార్బురేటర్ విప్పిన రోజు గ్రైండర్, వెల్డింగ్ ముట్టుకోకూడదు. ఇన్వర్టర్ అసలు అక్కడ ఉండకూడదు. చెక్కకు అవిసె నూనె పట్టించిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. బయట విడివిడిగా ఆరేయాలి. మంటలార్పే పౌడర్ సిలిండర్ తలుపు పక్కనే ఉండాలి, బెంచీ వెనక కాదు. పెట్రోలు మంట మీద నీళ్లు పోస్తే మంట వాటితోపాటే పారుతుంది.

ఇదంతా యజమాని బాధ్యతే. మరి బంకులో అతనికి ఉన్న ఎంపిక ఏమిటి? బ్రిటన్ 2021 సెప్టెంబర్‌లో 10 శాతం ఇథనాల్ పెట్రోలు తెచ్చినప్పుడు, పాత బండ్ల కోసం 5 శాతం రకాన్ని సూపర్ గ్రేడులో అలాగే ఉంచింది. 50 ఏళ్లు దాటిన కారుకు ‘వీఏ’ (వింటేజ్) నంబరు ఇవ్వడానికి మన దగ్గర 20 వేల రూపాయలు కట్టించుకుంటారు. ఆ కారులో నిశ్చింతగా పోసుకునే పెట్రోలు మాత్రం మామూలు పంపులో దొరకదు.