తెలిసిన పాటను దాచిపెట్టే విద్య

1966 జూలైలో అమెరికన్ జాజ్ శాక్సఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ బృందం టోక్యోలో కచేరీ చేసింది. అక్కడ వాయించిన ‘మై ఫేవరిట్ థింగ్స్’ రికార్డింగు దాదాపు 57 నిమిషాలుంటుంది. మొదటి పావుగంటంతా ఇంచుమించు జిమ్మీ గ్యారిసన్ బేస్ (మంద్రంగా పలికే పెద్ద తీగవాద్యం) ఒక్కటే. శాక్సఫోన్ వచ్చాకైనా పాట వస్తుందా అంటే, ఎక్కడో ఒక ముక్క తళుక్కుమని మళ్లీ డ్రమ్ముల హోరులో కలిసిపోతుంది. అసలు పాట చూడబోతే చాలా చిన్నది. 1959లో న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వేకి వచ్చిన ‘ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ నాటకంలోది. రిచర్డ్ రాడ్జర్స్ బాణీ, ఆస్కార్ హామర్‌స్టైన్ మాటలు. పిల్లికూన మీసాలు, ఉన్ని చేతితొడుగులు అంటూ చిన్న చిన్న ఇష్టాలను ఏకరువు పెట్టే పాట. పాడుకుంటే మూడు నిమిషాలు పట్టదు.

మొదటిసారి ఈ టోక్యో రికార్డింగు పెట్టుకున్నప్పుడు పావుగంటకే ఆపేశాను. తప్పు ఫైలు వచ్చిందేమోనని పేరు కూడా సరిచూసుకున్నాను. జాజ్ వాళ్లు తోచింది వాయిస్తారు అని మన దగ్గర ఒక మాట ఉంది. అదే నిజమైతే ఆ పాట పేరు పెట్టుకోవడం దేనికి? ఏదో ఒక కొత్తది వాయిస్తే సరిపోతుందిగా. ఈ అనుమానంతోనే వెనక్కి వెళ్లి ఒక్కొక్కటీ విన్నాను. చివరికి నాకు తేలిందేమిటంటే, వాళ్లు పాటకు ఏం చేర్చారన్నది రెండో సంగతి. పాటలోంచి ఏం తీసేశారన్నది మొదటి సంగతి. తీసేసిన ముక్కను వినేవాడే తన జ్ఞాపకంలోంచి తెచ్చి పెట్టుకుంటాడు. ఆ జ్ఞాపకాన్ని నమ్ముకునే వాళ్ల వ్యాపారమంతా నడిచింది.

కోల్ట్రేన్ ఈ పాటను మొదట 1960 అక్టోబరులో స్టూడియోలో రికార్డు చేశాడు. సుమారు పద్నాలుగు నిమిషాలు. సొప్రానో శాక్సఫోన్ ఆయన పట్టుకున్నాడు. పియానో మీద మెకాయ్ టైనర్, డ్రమ్స్ మీద ఎల్విన్ జోన్స్, బేస్ స్టీవ్ డేవిస్. రాడ్జర్స్ పాటలో కార్డులు, అంటే ఒకేసారి కలిపి పలికే స్వరాల గుంపులు, ఒకదాని వెంట ఒకటి మారుతూ పోతాయి. ఒక్కొక్కరూ విడిగా కల్పించుకుంటూ వాయించే సోలోల దగ్గరికి వచ్చేసరికి కోల్ట్రేన్ వాటన్నిటినీ పక్కనపెట్టి రెండే ఉంచుకున్నాడు. ఒకే ఆధార స్వరం మీద కాసేపు మైనర్, కాసేపు మేజర్. టైనర్ ఎడమచెయ్యి ఊయల ఊపినట్టు అదే ఊపుతూ ఉంటుంది. అంతకంటే గడుసు పని ఇంకొకటి చేశాడు. పాటలో కుక్క కరిచినప్పుడు, తేనెటీగ కుట్టినప్పుడు అంటూ మలుపు తిరిగే చివరి భాగం ఉంది కదా, దాన్ని రికార్డు ఆఖరుకు వచ్చేదాకా బయటపెట్టడు. ఆ నాటకం నడుస్తున్న రోజుల్లో అమెరికాలో ఆ పాట తెలిసినవాడికి ఎలా ఉండి ఉంటుందో ఊహించండి. నాలుకచివర మాట ఆడుతూ బయటికి రానట్టు ఉంటుంది. పద్నాలుగు నిమిషాల పాటు ఆ టెన్షన్ మోసుకుంటూ కూర్చోవాలి. ఆ రికార్డును రేడియోకి సరిపడేలా కోసి సింగిల్‌గా వదిలితే జనంలోకి బాగా వెళ్లింది. ఇంత దాచిపెట్టినా వెళ్లిందా అని ఆశ్చర్యపోనక్కర్లేదు. దాచిపెట్టాడు కాబట్టే వెళ్లిందని నా అభిప్రాయం.

దాచాలంటే దాచడానికి ఒక పెట్టె కావాలి. అమెరికా పాత పాటల్లో ఎక్కువభాగం 32 బార్ల చట్రంలో ఉంటాయి (బార్ అంటే తాళంలో కొన్ని దెబ్బల చిన్న కొలత). ఎనిమిదేసి బార్ల ముక్కలు నాలుగు. ఒకే వరస రెండుసార్లు, మధ్యలో వేరే వరస, మళ్లీ మొదటిది. ఈ 32 బార్లు ఒకసారి పూర్తయితే దాన్ని ఒక కోరస్ అంటారు. మన భాషలో చెప్పుకుంటే ఆవర్తనం లాంటిదే, కాకపోతే చాలా పొడుగుది. ముందు అందరూ కలిసి పాట వరస వాయిస్తారు, తర్వాత సోలోలు, చివర్లో మళ్లీ వరస. సోలో నడుస్తున్నంతసేపు పాట వినపడదు గానీ ఆ కార్డుల వరస మాత్రం గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. వేదిక మీద ప్రతివాడూ లోపల లెక్కపెట్టుకుంటూనే ఉంటాడు. నెరవల్‌లో మనవాళ్లు సాహిత్యం ఒక్క పంక్తిని వదలకుండా పట్టుకుని స్వరాన్ని మారుస్తారు. వీళ్లు మాటనీ, స్వరాన్నీ రెండిటినీ వదిలేసి, కింద నడిచే దారిని మాత్రం పట్టుకుంటారు. వినేవాడి పని అందుకే ఇంకాస్త కష్టం.

ఈ పద్ధతికి పాత సాక్ష్యం 1939 అక్టోబరులో కోల్మన్ హాకిన్స్ రికార్డు చేసిన ‘బాడీ అండ్ సోల్’. మూడు నిమిషాల రికార్డు, రెండు కోరస్‌లు. మొదటి కొన్ని బార్లలో పాట పోలిక తెలుస్తుంది. ఆ తర్వాత ఆ వరస మళ్లీ రాదు. టెనర్ శాక్సఫోన్ కార్డుల మీద మెట్లెక్కుతూ పోతుంది. దీన్ని జనం ఎగబడి కొన్నారు. పైగా ఆ సోలో ఎంత నోటికొచ్చేసిందంటే, తర్వాతి రోజుల్లో ఎడ్డీ జెఫర్సన్ దానికే మాటలు కట్టి పాడాడు. పాటను మాయం చేసిన సోలోనే ఇంకో పాట అయి కూర్చుంది.

తర్వాత 1940ల్లో వచ్చిన బీబాప్ అనే వేగమైన, చిక్కైన జాజ్ శైలి వాళ్లు అసలు వరసనే పూర్తిగా పారేసి, అవే కార్డుల మీద కొత్త వరస రాసుకున్నారు. చార్లీ పార్కర్ 1945లో రికార్డు చేసిన ‘కో-కో’ అలాంటిదే. దాని కింద ఉన్నది రే నోబుల్ రాసిన ‘చెరొకీ’. మొదటి టేకులో అలవాటు కొద్దీ ‘చెరొకీ’ వరసలోకి వెళ్లబోయారు, వెంటనే ఆపేశారు. ఆ తెగిపోయిన టేకు ఇప్పటికీ వినొచ్చు. కార్డుల వరసకు కాపీరైటు లేదు, పాట వరసకు ఉంది. పాత వరస వాయిస్తే దాని హక్కుదారుకు డబ్బు కట్టాలి. కళలో విప్లవం అని పుస్తకాల్లో రాసుకునే వాటి వెనక ఇలాంటి చిల్లర లెక్కలు ఎన్నో ఉంటాయి. నాకైతే అందులో చిన్నతనమేమీ కనపడదు.

డబ్బు సంగతి ఎలాగూ వచ్చింది కాబట్టి క్లబ్బుల సంగతీ చూద్దాం. ఒకే క్లబ్బులో రాత్రికి రెండు మూడు సెట్లు, వరసగా వారాల తరబడి. రిహార్సల్‌కి టైమూ లేదు, దానికి డబ్బిచ్చేవాడూ లేడు. ఇవాళ కలిసినవాళ్లు ఇవాళే వాయించాలంటే అందరికీ వచ్చిన పాటలే దిక్కు. స్టాండర్డ్స్ అనే పేరు అలా స్థిరపడిన పాటలకే. అవే పాటలు రోజూ వాయించేవాడికి ఉన్న దారులు రెండే: విసుగెత్తి మానేయడం, లేకపోతే మార్చుకుంటూ పోవడం. న్యూయార్క్ హార్లెమ్‌లో మింటన్స్ ప్లేహౌస్ అనే చోట 1940ల మొదట్లో అర్ధరాత్రి దాటాక జామ్ సెషన్లు, అంటే ముందస్తు ఏర్పాటు లేకుండా కలిసి వాయించుకునే కూటాలు, నడిచేవి. అక్కడ మామూలు పాటలకే చిక్కుముడి కార్డులు వేసి, సత్తా లేనివాడు తనంతట తానే దిగిపోయేలా చేసేవారు.

ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ దగ్గరికి వస్తే ఈ దాచడం మరో స్థాయికి పోతుంది. ‘మై ఫన్నీ వాలంటైన్’ 1937 నాటి పాట, రాడ్జర్స్‌దే, మాటలు లోరెంజ్ హార్ట్‌వి. 1956లో మైల్స్ దాన్ని స్టూడియోలో ఆరు నిమిషాల్లో వాయించాడు. మెత్తగా, పాట గౌరవానికి భంగం లేకుండా. అదే పాటను 1964 ఫిబ్రవరి 12న న్యూయార్క్ లింకన్ సెంటర్‌లోని ఫిల్హార్మోనిక్ హాల్లో వాయించింది పావుగంట. రెండూ పక్కపక్కన పెట్టి వినండి. హెర్బీ హాన్‌కాక్ పియానో మీద చిన్న ఎత్తుగడ వేస్తాడు. మైల్స్ పాటలోని మొదటి మాట పలుకుతాడు, పలికానంటే పలికాను అన్నట్టు. అంతే, తర్వాతది సగంలో తుంచేస్తాడు. తాళం లేదు. రాన్ కార్టర్ బేస్ ఎక్కడ అడుగు వేస్తుందో తెలియదు. డ్రమ్స్ మీద కూర్చున్న టోనీ విలియమ్స్ వయసు 18 ఏళ్లు, అతను చాలాసేపు చెయ్యే కదపడు. కాసేపటికి ఎవరూ ఎవరికీ చెప్పకుండానే వేగం రెట్టింపవుతుంది, మళ్లీ సద్దుమణుగుతుంది. ఇంత జరుగుతున్నా పాట చట్రం ఎక్కడా చెదరలేదు. కావాలంటే అసలు పాటను మనసులో పాడుకుంటూ వింటే కోరస్ ఎక్కడ తిరిగిందో పట్టుకోవచ్చు. నాకు పట్టుబడడానికి చాలా రోజులే పట్టింది.

ఆ రాత్రి కచేరీ మిసిసిపీ, లూసియానాల్లో నల్లజాతివారిని ఓటర్లుగా నమోదు చేయించే ఉద్యమానికి నిధుల కోసం పెట్టింది. వాయించేవాళ్లకు డబ్బు ఇవ్వడం లేదని తెలిసి బృందంలో వాదులాట జరిగింది. కోపంగానే వేదికెక్కారని, ఆ కోపమే వాయిద్యంలోకి దిగిందని మైల్స్ తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. ఆ మాట ఎంతవరకు తీసుకోవాలో వినేవాళ్ల ఇష్టం. నిశ్శబ్దాలు మాత్రం నిజంగానే బిగుసుకుపోయి ఉంటాయి.

మరుసటి ఏడాది డిసెంబరులో షికాగోలోని ప్లగ్డ్ నికెల్ క్లబ్బులో ఇంకా ముందుకు వెళ్లారు. పక్కవాడు మన నుంచి ఏం ఆశిస్తాడో అది తప్ప ఏదైనా వాయిద్దాం అని టోనీ విలియమ్స్ ప్రతిపాదించాడట. హాన్‌కాక్ ఈ కథ చాలాసార్లు చెప్పాడు. మైల్స్‌కి ముందు చెప్పలేదు. తీరా చూస్తే అక్కడ రికార్డింగు యంత్రాలు సిద్ధంగా ఉన్నాయి. అయినా మాట తప్పలేదు. పాట ఉప్పొంగాల్సిన చోట డ్రమ్స్ చల్లారిపోతాయి, ముగియాల్సిన చోట ఎవరో ఒకరు రాజేస్తారు. వాయించినవి మాత్రం ఎక్కువగా ‘ఆటమ్ లీవ్స్’, ‘స్టెల్లా బై స్టార్‌లైట్’ లాంటి పాత పాటలే. కొత్త పాటలతో ఈ ఆట సాగదు. ఏం ఆశించాలో తెలియని పాటలో ఆశను తప్పించడం ఎలా? ఇంతా చేస్తే, క్లబ్బులో గల్లాపెట్టె చప్పుడు కూడా రికార్డులోకి వచ్చేసింది.

అన్నీ ఇలా ముఖం ముడుచుకుని వినాల్సినవే అనుకోకండి. 1960 ఫిబ్రవరి 13న బెర్లిన్‌లో జాజ్ గాయని ఎల్లా ఫిట్జెరాల్డ్ ‘మ్యాక్ ద నైఫ్’ ఎత్తుకుంది. అది పుట్టిందే బెర్లిన్‌లో, 1928లో కుర్ట్ వైల్ స్వరపరచిన నాటకం కోసం. వేల మంది ముందు సగం పాటలో ఆమెకు మాటలు మరుపుకొచ్చాయి. ఆగలేదు. మర్చిపోయానన్న సంగతినే ప్రాసతో సహా పాటలో పెట్టేసింది. ఈ పాటను తనకంటే ముందు పాడిన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌నీ, బాబీ డారిన్‌నీ తలుచుకుంది, ఆర్మ్‌స్ట్రాంగ్ గొంతును అనుకరించింది, పాటను పాడుచేస్తున్నామని తనే ఒప్పుకుంది. ఒక్క దెబ్బ తాళం తప్పలేదు. ఆ పాటకు గ్రామీ వచ్చింది. మాటలు పోయినా పాట పోలేదంటే, పాట ఎక్కడుందో అక్కడ దొరికిపోతుంది. హాలంతా నవ్విందంటే వాళ్లకూ ఆ పాట వచ్చు కాబట్టే నవ్వింది.

ఇక్కడే మనలాంటి వాళ్లకు చిక్కు. తిరుపతి వేంకట కవుల రాయబారం పద్యాలు ఊళ్లో సగం మందికి నోటికొచ్చు. అందుకే కృష్ణుడి వేషం కట్టినవాడు పద్యం చివర రాగం తీస్తూ ఎక్కడ మలుపు తిప్పాడో హార్మోనియం కంటే ముందు ప్రేక్షకుడికి తెలిసేది, ‘వన్స్ మోర్’ పడేది. కథ తెలియదని, పద్యం వినలేదని ఎవరూ వెళ్లరు. నాటకం ఆడేది తెలిసినవాళ్ల కోసమే. జాజ్ విషయంలో మనకు ఆ సగం లేదు. బ్రాడ్‌వే పాటలు మన ఇళ్లలో ఎవరూ పాడలేదు. దాచిపెట్టిన వస్తువేమిటో తెలియనివాడికి దాచడంలోని గొప్ప ఎలా తెలుస్తుంది? అందుకే ఎవరైనా జాజ్ ఎలా మొదలుపెట్టాలి అని అడిగితే, ముందు అసలు పాటను పదిసార్లు వినమంటాను. విసుగ్గా ఉంటుంది. అయినా తప్పదు.

నిజానికి ఇప్పుడు అమెరికా కుర్రాళ్ల పరిస్థితీ ఇంచుమించు ఇదే. 1930ల నాటకాల పాటలు వాళ్లకు తాతముత్తాతల సంగతి. ‘మై ఫన్నీ వాలంటైన్’ను జాజ్ పాటగానే వింటారు, దానికి ముందొక జన్మ ఉందని చాలామందికి పట్టదు. హాన్‌కాక్‌కి ఈ సంగతి తెలుసు. 1996లో ‘ది న్యూ స్టాండర్డ్’ అని పేరు పెట్టి మరీ నిర్వాణా, ప్రిన్స్ లాంటి వాళ్ల పాటలను తీసుకున్నాడు. పియానిస్టు బ్రాడ్ మెల్డావ్ రేడియోహెడ్ పాటలను కచేరీల్లో వాయిస్తాడు, హాల్లో ఉన్నవాళ్లకు అవి తెలుసు కాబట్టి ఆట మళ్లీ రక్తి కడుతుంది. అయితే ఈ కొత్త పాటల్లో కార్డులు అంత చురుగ్గా మారవు. మెల్డావ్ లాంటివాడు నెట్టుకొస్తాడు గానీ, తక్కినవాళ్ల చేతిలో చాలాసార్లు అది పేరున్న పాటకు మర్యాదగా దండం పెట్టినట్టే ఉంటుంది. పాత పాటల్ని పట్టుకుని అరిగిపోయిన సోలోలు వరసపెట్టి వాయించేవాళ్లూ తక్కువేం లేరు. శాక్సఫోన్ అయిదు కోరస్‌లు, తర్వాత పియానో అయిదు, తర్వాత బేస్. వంతులవారీగా భోజనాలు వడ్డించినట్టు.

కోల్ట్రేన్ ఈ పాటను చివరి దాకా వదల్లేదు. 1963లో న్యూపోర్ట్ ఉత్సవంలో రాయ్ హేన్స్ డ్రమ్స్‌తో వాయించిన 17 నిమిషాలదే నాకు అన్నిటికంటే ఇష్టం. టోక్యోది గౌరవంతో వింటాను, ఒక్క విడతలో పూర్తి చేయలేను. 1967 ఏప్రిల్ 23న హార్లెమ్‌లో అరగంటకు పైగా వాయించాడు, అప్పటికి పాట బూడిదలో నిప్పులా మిగిలింది. మూడు నెలలు తిరక్కుండా, జూలై 17న, నలభై ఏళ్ల వయసులో పోయాడు.

‘ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ సినిమా నేను ఇవన్నీ విన్న తర్వాతే చూశాను, 1965లో వచ్చినది. ఉరుములకు భయపడి పిల్లలంతా మంచం మీదికి చేరిన రాత్రి జూలీ ఆండ్రూస్ పాట ఎత్తుకుంది. నేను పియానో ఊయల ఊగుతుందేమోనని చూస్తున్నాను. ఈలోగా ఆ కుక్క కరిచే ముక్క చటుక్కున వచ్చేసింది. అయ్యో, అప్పుడే పాడేసిందేమిటి అనుకున్నాను.