తలుపులు తెరిచిన బొమ్మ అడగండి

పడకగదిలో వార్డ్‌రోబ్ చేయించుకుంటున్నాం, ఏ రంగు బాగుంటుందో చెప్పమని ఈ నెలలో ముగ్గురు నాకు ఫోటోలు పంపారు. మూడూ మూసిన తలుపుల ఫోటోలే. ఒకటి మెరిసే తెలుపు, ఒకటి బూడిద రంగు, ఇంకొకటి చెక్క గీతలున్న లామినేట్. లోపల ఏం పెట్టిస్తున్నారు అని అడిగితే ఒక్కరి దగ్గరా జవాబు లేదు. "అదంతా కార్పెంటర్ చూసుకుంటాడులే" అన్నారు ఒకరు. ఆ మాట విన్నాక ఊరుకోలేక ఇది రాస్తున్నాను. ఆరేళ్ళ కిందట నేనూ సరిగ్గా అదే మాట అన్నాను, దాని ఫలితం నాలుగేళ్ళు అనుభవించాను.

మా మొదటి వార్డ్‌రోబ్‌కి డిజైనర్ మూడు త్రీడీ బొమ్మలు చూపించారు. మూడింటిలోనూ తలుపులు మూసే ఉన్నాయి. పక్కన పూలకుండీ, కిటికీలోంచి ఎండ, నేల మీద తలుపుల నీడ. ఇంట్లో అందరం కలిసి రెండు వారాలు రంగు గురించే మాట్లాడుకున్నాం. లోతు ఎంత అని ఏ ఒక్కరమూ అడగలేదు. గదిలో నడవడానికి చోటు మిగలాలని వాళ్ళు 18 అంగుళాల లోతు పెట్టారు. బిగించిన రోజు సాయంత్రం మొదటి చొక్కా తగిలించి తలుపు వేయబోతే పడలేదు. చొక్కా భుజం తలుపుకి అడ్డొచ్చింది. నాలుగేళ్ళు ప్రతి హ్యాంగర్‌నీ ఏటవాలుగా తిప్పి తగిలించాం. ఒకటి తీస్తే పక్కవి రెండు కింద పడేవి.

ఇందులో తెలియని విద్య ఏమీ లేదు. పెద్దవాళ్ళ హ్యాంగర్ సుమారు 17 అంగుళాలు ఉంటుంది. దాని మీద చొక్కా వేస్తే భుజాలు రెండు వైపులా ఇంకొంచెం బయటికొస్తాయి. కోటు వేస్తే మరీ ఎక్కువ. అంటే తలుపు మందం, వెనక పలక మందం పోగా లోపల 22 అంగుళాలు ఖాళీగా ఉండాలి. అందుకే బయటి కొలత 24 అంగుళాలు, అంటే దాదాపు 60 సెంటీమీటర్లు అంటారు. మనిషి భుజాలను బట్టి వచ్చిన కొలత అది, బేరమాడి తగ్గించుకునేది కాదు. గదిలో నిజంగానే అంత చోటు లేకపోతే రాడ్డును అడ్డంగా కాకుండా ముందు నుంచి వెనక్కి పెట్టించుకోవచ్చు. అప్పుడు బట్టలు మీకు ఎదురుగా వేలాడతాయి. లేదా హ్యాంగర్ల మాటే మానేసి, 16 అంగుళాల లోతులో మొత్తం అరలే చేయించుకోండి. ఆ రెండూ చక్కగా పనికొస్తాయి. 18 అంగుళాల్లో అడ్డ రాడ్డు మాత్రం దేనికీ పనికిరాదు.

చోటు కలిసొస్తుందని స్లైడింగ్ తలుపులు పెట్టించుకునేవాళ్ళకు ఒక మాట. ఒకదాని వెనక ఒకటి జరిగే రెండు తలుపులకూ వాటి పట్టాలకూ కలిపి 3 నుంచి 4 అంగుళాలు పోతాయి. అది లోపలి లోతులోంచే పోతుంది. కాబట్టి బయటి కొలత 27, 28 అంగుళాలు చేస్తే తప్ప లోపల 22 మిగలదు. పైగా ఏ సమయంలో చూసినా సగం వార్డ్‌రోబే కనిపిస్తుంది. పొద్దున్నే ఇద్దరు మనుషులు ఒకేసారి బట్టలు తీసుకోవాల్సిన ఇంట్లో ఇది రోజూ జరిగే ఇబ్బంది. మంచానికీ వార్డ్‌రోబ్‌కీ మధ్య రెండున్నర అడుగులు కూడా లేకపోతే స్లైడింగే దిక్కు, కాదనను. మూడడుగులు ఉంటే మాత్రం మామూలుగా తెరుచుకునే తలుపులే పెట్టించుకోండి. మొత్తం ఒక్కసారి కళ్ళ ముందు కనిపించడం ఎంత సుఖమో వాడితేగానీ తెలియదు.

ఇప్పుడు అమ్మ గురించి చెప్పాలి. ఈ విషయం మీద నాకింత పట్టుదల రావడానికి అసలు కారణం అదే.

అమ్మ మాతోనే ఉంటుంది. తనకు మోకాళ్ళ నొప్పులు. ఆ వార్డ్‌రోబ్‌లో సొరుగులన్నీ నేలకు ఆనుకుని ఉండేవి, రాడ్డు ఏమో ఆరున్నర అడుగుల ఎత్తులో. మధ్యలో, అంటే చేతికి సుఖంగా అందే చోట, అద్దం వెనక ఒక చిన్న అర, రెండు గాజు పలకలు. బొమ్మలో అందంగా ఉంటాయని పెట్టినవి. కొన్నాళ్ళకు అమ్మ తన బట్టలు మడిచి మంచం చివర, కుర్చీ మీద పెట్టుకోవడం మొదలుపెట్టింది. సర్దుకోవచ్చు కదమ్మా అని నేను రెండు మూడుసార్లు విసుక్కున్నాను కూడా. తను వంగలేకపోతోందని, పైకి అందుకోలేకపోతోందని, ఆ సంగతి నాకు చెప్పడం ఇష్టం లేక ఊరుకుంటోందని నాకు అర్థమయ్యేసరికి నెలలు గడిచిపోయాయి. అంత పెద్ద వార్డ్‌రోబ్‌లో అమ్మకు అందే చోట ఒక్క అర లేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ తగ్గలేదు.

నేల నుంచి రెండున్నర అడుగులకూ అయిదున్నర అడుగులకూ మధ్య ఉండే ఆ మూడడుగులే వార్డ్‌రోబ్‌లో బంగారం. రోజూ తీసేవన్నీ అక్కడే ఉండాలి. ఏడాదికి రెండుసార్లు తీసేవి పైన లాఫ్ట్‌లోకి వెళ్ళాలి. బరువైనవి కిందికి వెళ్ళాలి. ఆ మూడడుగుల్లో ఎవరి చోటు ఎంత అన్నది ముందే తేల్చుకోండి. ఇంట్లో పొట్టివాళ్ళున్నా, పెద్దవయసువాళ్ళున్నా, చిన్నపిల్లలున్నా వాళ్ళను గోడ పక్కన నిలబెట్టి చెయ్యి చాపమనండి. వేళ్ళు ఎక్కడి దాకా వస్తాయో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టండి. అయిదు నిమిషాల పని. ఏ త్రీడీ బొమ్మా చెప్పని సంగతి ఆ గీత చెబుతుంది.

ఇంకో పని కూడా ఉంది, దీనికి ఒక ఆదివారం పోతుంది. ఉన్న బట్టలన్నీ తీసి మంచం మీద పోయండి. వేలాడదీసేవి ఒక కుప్ప, మడిచేవి ఒక కుప్ప, సొరుగులోకి వెళ్ళే చిన్నవి ఇంకో కుప్ప. లెక్కపెట్టండి. రాడ్డు మీద ఒక్కో చొక్కాకు ఒకటిన్నర అంగుళం వేసుకుంటే నలిగిపోకుండా ఉంటాయి, 40 చొక్కాలకు అయిదడుగుల రాడ్డు కావాలన్నమాట. దళసరి కోట్లు ఒక్కోటి మూడంగుళాలు తింటాయి. పొట్టి బట్టలకు 40 అంగుళాల ఎత్తు చాలు కాబట్టి 7 అడుగుల ఎత్తులో రెండు రాడ్లు ఒకదాని కింద ఒకటి పట్టించవచ్చు, చోటు రెట్టింపు అవుతుంది. పొడుగు బట్టలకు మాత్రం 60 నుంచి 65 అంగుళాలు వదలాలి. అవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టకుండా ఒక గడి మొత్తం వాటికే వదిలేస్తే కింద సగం ఖాళీగా పడి ఉంటుంది.

మడత బట్టల అరలు 10 నుంచి 12 అంగుళాల ఎత్తులో ఉంటే మేలు. అంతకన్నా ఎత్తు ఉంటే దొంతర పెరుగుతుంది, కిందది లాగితే పైవన్నీ కూలతాయి. అర వెడల్పు గురించి అయితే గట్టిగా చెబుతాను. మా పాతదానిలో అరలు నాలుగడుగుల వెడల్పు, 18 మిల్లీమీటర్ల పార్టికల్ బోర్డు, అంటే చెక్క ముక్కలను జిగురుతో అదిమి చేసిన పలక. ఏడాది తిరిగేసరికి నడుమ కిందికి వంగిపోయాయి. పలక పొడవునా ఒకే దట్టంతో బట్టలు పేర్చినప్పుడు, వెడల్పు రెట్టింపైతే వంపు 16 రెట్లు అవుతుంది. రెండడుగుల అరలో కంటికి కనిపించని వంపు నాలుగడుగుల అరలో గిన్నెలా కనిపిస్తుంది. మందం 18 నుంచి 25 మిల్లీమీటర్లకు పెంచితే వంపు మూడో వంతుకు కాస్త పైన ఆగుతుంది, అది మంచిదే. అంతకన్నా తేలిక మార్గం, రెండు రెండున్నర అడుగులకు ఒక నిలువు పలక నిలబెట్టడం. ఇంకా వీలైతే పక్క పలకలకు వరసగా రంధ్రాలు వేయించండి. ఫ్యాక్టరీలో 32 మిల్లీమీటర్ల ఎడంతో, 5 మిల్లీమీటర్ల రంధ్రాలు వేస్తారు. రేపు పిల్లలు ఎదిగి బట్టలు మారితే అరలను పైకీ కిందికీ మార్చుకోవచ్చు. మేకులు కొట్టి బిగించేసిన అరకు ఆ అవకాశం లేదు.

తలుపు వెనక సొరుగులు పెట్టించేవాళ్ళు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. తలుపు తొంభై డిగ్రీలు తెరుచుకున్నా దాని మందం కొంత గడి లోపలికే ఉంటుంది. సొరుగు పక్క పలకకు ఆనుకుని ఉంటే బయటికొస్తూ తలుపును ఒరుసుకుంటుంది. అందుకే సొరుగు పక్కన ఒక పట్టీ వేసి దాన్ని లోపలికి జరపాలి. మా ఇంట్లో తలుపు మంచం పక్క బల్లకు తగిలి పూర్తిగా తెరుచుకునేదే కాదు, దాంతో ఒక సొరుగు నాలుగేళ్ళూ సగం వరకే వచ్చింది. వెనక సగంలో ఏముందో చేత్తో తడుముకోవడమే. స్లైడింగ్ అయితే రెండు తలుపులు కలిసే చోట సొరుగు రాకూడదు, అక్కడ ఏదో ఒక తలుపు ఎప్పుడూ అడ్డుంటుంది.

కొలతలు గచ్చు, ప్లాస్టరింగ్, సీలింగ్ అన్నీ పూర్తయ్యాకే తీయించండి. ఏ గోడా పూర్తిగా తిన్నగా ఉండదు. వెడల్పు పైన, మధ్యలో, కింద మూడు చోట్ల కొలిచి అన్నిటికన్నా తక్కువ వచ్చినదాన్ని తీసుకోవాలి, మిగిలిన సందును పట్టీతో మూయాలి. స్విచ్‌బోర్డు, స్కర్టింగ్, ఏసీ పైపు, గది తలుపు పిడి, ఇవన్నీ కాగితం మీద గీయించండి. పలకలు సాధారణంగా 8 అడుగులు, 4 అడుగుల కొలతలో వస్తాయి. ఎత్తు 8 అడుగులు దాటితే ఎక్కడో ఒకచోట అతుకు వస్తుంది, అది ఎక్కడ రావాలో మీరే చెప్పడం మంచిది.

చెక్క విషయంలో నాకు ప్లైవుడ్ మీదే గురి. పలుచని పొరలను అడ్డం నిలువుగా అంటించి చేస్తారు కాబట్టి తేలిగ్గా వంగదు, స్క్రూ పట్టు తొందరగా వదలదు. డబ్బు చాలకపోతే గడులకు ప్లైవుడ్, తలుపులకు ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసే పలక) వాడుకోండి. ఏది వాడినా అందులో జిగురు ఉంటుంది, ఆ జిగుర్లలో చాలావాటి నుంచి ఫార్మాల్డిహైడ్ అనే ఘాటైన వాయువు గాలిలోకి వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 2004లో దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి గ్రూపులో చేర్చింది. మనం తలుపులు వేసుకుని ఏడెనిమిది గంటలు నిద్రపోయే గది ఇది. అందుకని ఈ1 రకం పలకలేనా, అంటే ఆ వాయువు తక్కువగా వదిలేవేనా అని అడగండి. పరీక్షలో గాలిలో ఆ వాయువు 0.1 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 0.1 పాలు) దాటకూడదన్నది దాని హద్దు. కనిపించని అంచులతో సహా అన్ని అంచులకూ బ్యాండింగ్, అంటే కోసిన అంచును మూసే పలుచని పట్టీ, వేయించండి, బిగించాక కొన్ని వారాలు కిటికీలు తెరిచి ఉంచండి. తలుపుకు బయట ఒక్కవైపే లామినేట్ వేసి లోపల వదిలేస్తామంటే ఒప్పుకోవద్దు. రెండు వైపులా సమానంగా లేకపోతే తలుపు మెలి తిరుగుతుంది.

బాత్రూమ్ గోడకో, బయటి గోడకో ఆనించాల్సి వస్తే ముందు ఆ గోడ చెమ్మ తేల్చండి. చల్లటి గోడకు గదిలోని వెచ్చటి గాలి తగిలితే నీటి బొట్లు పడతాయి, గాలాడని చోట బూజు పట్టి తీరుతుంది. వెనక ఒక అంగుళం సందు, కిందా పైనా గాలి పోయేందుకు దారి ఉంటే చాలావరకు తప్పుతుంది.

హింజెస్‌లో, అంటే తలుపు బందుల్లో, పొదుపు వద్దు. 7 అడుగుల తలుపుకు నాలుగు కావాలి, బరువైన తలుపైతే అయిదు. పిడులు, అద్దాలు మీ ఇష్టం. లోపలి లైటుకు మాత్రం వైరు ముందే లాగించండి.

రెండేళ్ళ కిందట పాతది తీసేసి కొత్తది చేయించినప్పుడు డిజైనర్‌కి ఒక్కటే చెప్పాను. తలుపులు లేకుండా గీసిన బొమ్మ ఇవ్వండి, ప్రతి అర మీద అంగుళాల్లో కొలత రాయండి, ఆ తర్వాతే అడ్వాన్సు. మొదట కొంచెం విసుక్కున్నారు, తర్వాత గీసి ఇచ్చారు. ఆ కాగితం మీద ఏ గడిలో ఏం పెడతామో నేనూ అమ్మా కూర్చుని పెన్నుతో రాశాం. నడుము ఎత్తులో రెండు అరలు, ఒక సొరుగు అమ్మవి. తన బట్టలు ఇప్పుడు కుర్చీ మీద లేవు.

ఆ ముగ్గురికీ, రంగు తర్వాత చెబుతాను, ముందు బట్టలు లెక్కపెట్టి పంపండి అని రాశాను. నిన్న రాత్రి ఒకరు పంపారు. హ్యాంగర్ మీద వేసేవి 62, అందులో పొడుగువి 11. ఆ లెక్కన ఎనిమిదడుగులకు దగ్గరగా రాడ్డు కావాలి. వాళ్ళ డిజైన్‌లో ఉన్నది మూడడుగులు. ఇంకా పలకలు కోయలేదట, ఈ రోజు సాయంత్రం టేపు పట్టుకుని మళ్ళీ కూర్చుంటున్నారు.