బ్రేకు మార్చడం వేరు, బ్లాకు మార్చడం వేరు
పాత బైకుకి వేరే మోడల్ సామాన్లు వేస్తే దాని విలువే పోతుందని మీ వ్యాసంలో రాశారు. దాచుకునే బండికైతే సరే, రోజూ రోడ్డెక్కే బండికి ఆ మాట నేను ఒప్పుకోను. నాన్నగారి పాత యమహా బైకు ఆర్‌ఎక్స్ 100 ఇప్పుడు నేనే నడుపుతున్నాను. సాయంత్రం విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ముందున్న ఆటో ఉన్నట్టుండి ఆగితే ఆ పాత డ్రమ్ బ్రేకు ఏ మూలకీ చాలదు. అందుకే ఆటోనగర్‌లో యమహావాళ్లదే మరో బైకు గ్లాడియేటర్ ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు కాళ్లు), డిస్కు బ్రేకున్న చక్రం వేయించాను. రెండిటివీ 18 అంగుళాల చక్రాలే కాబట్టి బండి నిలబడే తీరు పెద్దగా మారలేదు. అసలు పనంతా హ్యాండిల్ స్టెమ్ (ఫోర్కును బండికి కలిపే, హ్యాండిల్‌తో పాటు తిరిగే కడ్డీ) దగ్గరే. మెకానిక్ కొత్త కోన్ సెట్ (ఆ కడ్డీ తిరిగే బేరింగులు) వేసి, గ్రీజు పట్టించి, నట్టు కొంచెం బిగించిన ప్రతిసారీ ముందు చక్రం పైకి లేపి హ్యాండిల్ వదిలి చూశాడు. అది దానంతటదే పక్కకి వాలాలి, బ్రేకు పట్టి బండిని ఊపితే టక్‌మని చప్పుడు రాకూడదు. ఈ మాత్రం చూడకుండా బిగించి పంపేవాళ్ల వల్లే ఈ పనికి చెడ్డపేరు. ఇంజిన్ విషయంలో మాత్రం మీ మాటే నా మాట. 98 సీసీ ఆర్‌ఎక్స్ 100కి అంతకన్నా పెద్దదైన ఆర్‌ఎక్స్ 135 బ్లాకు (ఇంజిన్‌లో పిస్టన్ ఆడే సిలిండర్ భాగం) వేస్తే ఆర్‌సీలో ఉన్నదానికీ బండికీ పొంతన ఉండదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 వద్దనేది అదే. 2019 సవరణతో ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. పైగా బ్లాకు మార్చి డ్రమ్ బ్రేకుతోనే తిరిగే కుర్రాళ్లను చూస్తే నిజంగా భయమేస్తుంది, దాని గురించి కూడా రాయండి.