ఇస్రో పేరు ఎవరికి పూచీ?

నల్లగొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ ఫంక్షన్ హాళ్లలో జరుగుతున్న పెట్టుబడుల అవగాహన సదస్సుల్లో చంద్రయాన్-3 బొమ్మ ఇప్పుడు తప్పనిసరి అలంకారమైంది. 2023 ఆగస్టు 23న విక్రమ్ ల్యాండర్ చంద్రుడి దక్షిణ ధ్రువ ప్రాంతంలో దిగిన దృశ్యాన్ని తెర మీద వేసి, చప్పట్లు ఆగకముందే అంతరిక్ష కంపెనీల ఫండ్‌లో, అంటే పలువురి సొమ్ము కలిపి ఆ కంపెనీల వాటాలు కొనే నిధిలో, డబ్బు పెట్టమని అడుగుతున్నారు. ఎదురుగా కూర్చున్నది పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, ఉదండాపూర్ వంటి జలాశయాల కింద భూమి పోయి పరిహారం అందుకున్న రైతులు. ఇస్రో మీద వారికున్న నమ్మకాన్ని ఎవరి సరుకుకో పూచీకత్తుగా వాడుకోవడం ఈ పత్రికకు ఆగ్రహం కలిగిస్తోంది.

ఇస్రో కేంద్ర అంతరిక్ష శాఖ కింద పనిచేసే ప్రభుత్వ సంస్థ. దాని వాటా ఏ మార్కెట్లోనూ దొరకదు. 2022 నవంబరు 18న విక్రమ్-ఎస్ రాకెట్‌ను ఎగరేసిన హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ కూడా ఇంకా స్టాక్ మార్కెట్‌లో లిస్టు కాలేదు. వేదిక మీద పలికే పేర్లు మనవి, అమ్మేది మాత్రం అమెరికా, లండన్ మార్కెట్లలో లిస్టయిన ఫండ్లు.

ఆ ఫండ్ల లోపల ఏముందో ఎవరూ చెప్పడం లేదు. అమెరికాకు చెందిన ఆర్క్ సంస్థ 2021 మార్చిలో మొదలుపెట్టిన అంతరిక్ష ఫండ్ జాబితాలో తొలినాళ్లలోనే ట్రాక్టర్లు తయారుచేసే డీర్ కంపెనీ, సినిమాలు చూపించే నెట్‌ఫ్లిక్స్ ఉన్నాయి. మిర్యాలగూడ ఆయకట్టు రైతు అంతరిక్షమనుకుని కొన్న యూనిట్లలో తన పొలంలో తిరిగే ట్రాక్టరు కంపెనీ వాటా ఉండవచ్చన్నమాట. ఈ ఫండ్‌కు ఏటా 0.75 శాతం నిర్వహణ రుసుము, అంటే లక్షకు 750 రూపాయలు, లాభం వచ్చినా రాకపోయినా చెల్లించాలి.

ధర సంగతి ఇంకా ప్రమాదకరం. ఎలాన్ మస్క్ రాకెట్ కంపెనీ స్పేస్‌ఎక్స్‌లో వాటా ఉందన్న ఆకర్షణతో 2024 మార్చిలో న్యూయార్క్‌లో లిస్టయిన డెస్టినీ టెక్100 ఫండ్‌లో ఒక్కో షేరు వెనుక ఉన్న ఆస్తి విలువ దాదాపు 5 డాలర్లు కాగా, ఏప్రిల్ నాటికి జనం దాన్ని 100 డాలర్లకు పైగా పెట్టి కొన్నారు. కొద్ది వారాల్లోనే ఆ ధర కుప్పకూలింది. 2021 జులైలో 100 పెన్నీలకు, అంటే ఒక పౌండుకు, లండన్‌లో లిస్టయిన అంతరిక్ష పెట్టుబడుల సంస్థ సెరాఫిమ్ ట్రస్టు షేరు, తన ఆస్తుల విలువ కన్నా చాలా తక్కువకు పడిపోయి మదుపరులను ఏళ్ల తరబడి నిరీక్షింపజేసింది. 2021 చివర్లో లిస్టయిన రాకెట్ కంపెనీ వర్జిన్ ఆర్బిట్ 2023 ఏప్రిల్‌లో దివాలా పిటిషన్ వేసింది.

అంతరిక్ష రంగానికి భవిష్యత్తు ఉందని, నష్టాన్ని తట్టుకోగలవారు కొంత సొమ్ము పెట్టడంలో తప్పు లేదని చెప్పేవారున్నారు. ఆ మాటను మేము కాదనడం లేదు. అయితే ఆ నష్టం గురించి ఒక్క ముక్క చెప్పకుండా, ఇస్రో విజయాన్ని చూపి పింఛను సొమ్ము అడగడం వేరే పని. శాస్త్రవేత్తల కష్టంతో వచ్చిన గౌరవాన్ని కమీషన్ కోసం తాకట్టు పెట్టే హక్కు ఏ ఏజెంటుకూ లేదు. ఈ రోజు దీన్ని చూసీ చూడనట్టు వదిలేస్తే రేపు ఇదే బొమ్మతో చిట్టీలు, వెంచర్ ప్లాట్లు కూడా అమ్ముతారు.

విదేశీ మార్కెట్లో యూనిట్లు కొనాలంటే సొమ్ము బ్యాంకు ద్వారా, ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల పరిమితి ఉన్న రిజర్వు బ్యాంకు పథకం కింద, కొనేవారి పేరు మీదే వెళ్లాలి. రుసుము తీసుకుని పెట్టుబడి సలహాలిచ్చేవారికి స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఏజెంటు చేతికి నగదు ఇచ్చి చీటీ రాయించుకుంటే అది పెట్టుబడి కాదు. అగ్రిగోల్డ్ బాధితులు ఏళ్ల తరబడి కలెక్టరేట్ల ముందు కూర్చోవడం కళ్లారా చూసిన జిల్లా యంత్రాంగానికి ఈ సంగతి వేరే చెప్పాలా? పోలీసులు ఫిర్యాదు వచ్చాక చూద్దామనుకుంటే ఆ ఫిర్యాదు వచ్చేది డబ్బు పోయాకే.

ఈ సదస్సుల్లో జ్యోతి వెలిగించి శాలువాలు కప్పించుకుంటున్న ప్రజాప్రతినిధులను సూటిగా అడుగుతున్నాం. భూమి పోయిన రైతు చేతిలో మిగిలిన చివరి సొమ్మును అడుగుతున్న మనిషి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారు. సెబీ రిజిస్ట్రేషన్ నంబరు చూపించమని అతన్ని ఒక్కసారైనా అడిగారా?