ఐటీ ‘పొగలేని పరిశ్రమ’ అన్న వాదనకు ఖండన

“ఐటీకి పొగ లేదు, నీరక్కర్లేదు, చెత్త రాదు, గోదావరి జిల్లాలకు ఇంతకంటే శుభ్రమైన ఉపాధి లేదు” అనే వాట్సాప్ సందేశం కోనసీమలో ఊరూరా తిరుగుతోంది. మన పిల్లలకు ఐటీ ఉద్యోగాలు అమలాపురంలోనే దొరకాలని నేనూ గట్టిగా కోరుకుంటున్నాను. అందుకోసం నిజం కాని మాటలు ప్రచారం చేయనక్కర్లేదు.

పొగ సంగతి ముందు చూద్దాం. ఆఫీసు గదిలో పొగ ఉండదు, నిజమే. కానీ ఆ గదికీ, అక్కడి సమాచారాన్ని దాచే డేటా సెంటర్‌కూ వచ్చే కరెంటులో పెద్ద వాటా బొగ్గుదే. ప్రపంచంలోని డేటా సెంటర్లు 2024లో సుమారు 41,500 కోట్ల యూనిట్లు, అంటే మొత్తం విద్యుత్ వినియోగంలో దాదాపు 1.5 శాతం వాడాయనీ, 2030 నాటికి ఇది రెట్టింపు దాటుతుందనీ అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా.

నీరక్కర్లేదన్నది అంతకన్నా పొరపాటు. డేటా సెంటర్లలో ఉండే పెద్ద కంప్యూటర్లు, అంటే సర్వర్లు, వాడిన కరెంటంతా చివరికి వేడిగా మారుతుంది. ఒక్క యూనిట్ కరెంటు నుంచి పుట్టే వేడిని నీటి ఆవిరి ద్వారా తొలగించాలంటే సుమారు లీటరున్నర నీరు ఖర్చవుతుంది. నీరు లేకుండా చల్లబరిస్తే సాధారణంగా కరెంటు ఎక్కువ కావాలి. ధవళేశ్వరం దిగువన నీటికి కొదవేమిటనే వారు వేసవిలో కాలువలకు నీరు ఆపేశాక శివారు గ్రామాలకు వచ్చి చూడాలి. ముందే నింపుకున్న మంచినీటి చెరువే అప్పుడు ఊరికి దిక్కు. తీరం దగ్గర చాలాచోట్ల బోరు వేస్తే ఉప్పునీరే పడుతుంది.

ఐటీ వల్ల కాగితం వాడకం, ప్రయాణాలు తగ్గుతాయని కూడా ఆ సందేశం అంటోంది; ఆ మాటతో మాత్రం నాకు పేచీ లేదు.

అన్నిటికంటే బాధించేది చెత్త రాదన్న మాట. 2022లో ప్రపంచవ్యాప్తంగా 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగుపడితే, పద్ధతి ప్రకారం సేకరించి శుద్ధి చేసినట్టు లెక్కకెక్కింది 22.3 శాతమే. మిగిలిన దానిలో కొంత ఏమవుతుందో కాలువ గట్ల మీద కనబడుతుంది: రాగి కోసం కేబుళ్ల కట్టకు నిప్పంటిస్తే పైతొడుగు కరిగి, గొంతు పట్టేసే నల్లటి పొగ లేస్తుంది. పైతొడుగుకు వాడే పీవీసీ ప్లాస్టిక్ అలా కాలితే విషపూరితమైన డయాక్సిన్లు పుడతాయి. మిగిలిన బూడిద తొలి వానకే కాలువలోకి దిగుతుంది, ఆ నీరే వరిచేలకూ చేపల చెరువులకూ పారుతుంది. పాత సరుకును శుద్ధికి పంపించే బాధ్యత తయారీదారులదేనని 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనలు చెబుతున్నా, మన వీధిలో పాత సామాను కొనే బండి దాకా ఆ ఏర్పాటు రాలేదు.

ఇంకొకటి, ఆ సందేశం అసలు ఎత్తనే ఎత్తని విషయం: ల్యాప్‌టాప్ జీవితకాలంలో వెలువడే కర్బన ఉద్గారాల్లో సింహభాగం సాధారణంగా దాని తయారీలోనే ముగిసిపోతుంది. అందుకే 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు (ఉచిత భద్రతా అప్‌డేట్లు) ఆగిందని బాగా పనిచేస్తున్న యంత్రాలను పాత సామానుకు వేయవద్దని మన కాలేజీలనూ, ఇంటర్నెట్ సెంటర్లనూ కోరుతున్నాను. వాటిలో చాలావరకు, విండోస్ బదులు ఉచితంగా వాడుకోగల లినక్స్‌తో ఇంకొన్నేళ్లు నడుస్తాయి.